కాలు పోయింది, హోటల్ ఎగిరిపోయింది, ఆ తర్వాత సెనేటర్ అయ్యాడు

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబు రాస్తూ, వియత్నాం యుద్ధంలో కాలు పోగొట్టుకొని ఇంటికొచ్చి, హోటల్ పెట్టుకొని, ఆ తర్వాత అమెరికా సెనేట్ దాకా వెళ్లిన బాబ్ కెర్రీ గురించి రెండు లైన్లు రాశాను. ఆ రెండు లైన్లకి వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేనికీ రాలేదు, అందులోనూ ముప్పాతిక వంతు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. 1962 నుంచి కోరుకొండలో సైనిక్ స్కూల్ ఉన్న నేల, తెల్లారకముందే రోడ్డు మీద పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు కనిపించే నేల, ఇక్కడివాళ్లకి ఒక సిపాయి తర్వాత ఏమయ్యాడు అనేది ఊరికే కాలక్షేపం కబురు కాదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను.

*సార్, నేను ఆర్మీలో నాయక్‌గా చేశాను. ఎడమకాలు మోకాలి కింద పోయింది. కాశీబుగ్గ దగ్గర హైవే పక్కన టిఫిన్ హోటల్ నడుపుకుంటున్నాను. తిత్లీ తుపానుకి షెడ్డు మొత్తం లేచిపోతే అప్పు చేసి మళ్లీ వేసుకున్నాను. మీరు రాసినాయన కథ పూర్తిగా చెప్పండి. ఇంకో మాట కూడా ఉంది. ఊళ్లో నన్ను సర్పంచ్‌గా నిలబడమంటున్నారు. నిలబడాలా వద్దా?*
— మాజీ నాయక్, కాశీబుగ్గ

నాయక్ గారూ, మీ రెండో ప్రశ్నకి చివర్లో వస్తాను, ముందు ఆయన కథ చెప్పనివ్వండి.

కెర్రీ 1943లో నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే ఊళ్లో పుట్టారు. మొక్కజొన్న, పశువులు, దూరదూరంగా ఊళ్లు, సముద్రం మాటే లేని ప్రాంతం. 1966లో ఫార్మసీ డిగ్రీ తీసుకున్నారు, అంటే ఏదో మందుల షాపు చూసుకుంటూ బతికేయాల్సిన మనిషి. కానీ వియత్నాం యుద్ధం ముదిరిన రోజులవి. నేవీలో ఆఫీసరుగా చేరి, అందులోనూ సీల్స్ అనే ప్రత్యేక దళంలో పడ్డారు, ఒక చిన్న జట్టుకి నాయకుడై 1969 మొదట్లో వియత్నాంలో దిగారు.

మార్చి 14 రాత్రి. న్హా ట్రాంగ్ ఊరి ఎదురుగా సముద్రంలో ఒక దీవి, అక్కడ శత్రువులు దాక్కొని ఉన్నారని సమాచారం. వాళ్లున్న చోటుకి పైనుంచి రావాలని కెర్రీ జట్టు 350 అడుగుల నిట్టనిలువు కొండ ఎక్కింది. అక్కడి నుంచి దిగుతుంటే కాల్పులు మొదలయ్యాయి, ఒక గ్రెనేడ్ సరిగ్గా ఆయన కాళ్ల దగ్గరే పేలింది, వెనక్కి ఎగిరి రాళ్ల మీద పడ్డారు. నెత్తురు కారుతూనే ఉంది, లేవలేని స్థితి, అయినా ఎవరు ఎటు కాల్చాలో చెబుతూ, హెలికాప్టర్ వచ్చేదాకా జట్టుని నడిపించారు. కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఆయన వియత్నాంలో ఉన్నది కొద్ది నెలలే. ఆ తర్వాత చాలా కాలం ఫిలడెల్ఫియా నేవీ ఆస్పత్రిలో మంచాన ఉన్నారు, ఆ వార్డు నిండా తనలాంటి కుర్రాళ్లే.

1970 మే 14న వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు నిక్సన్ ఆయన మెడలో మెడల్ ఆఫ్ ఆనర్ వేశారు. మన పరమవీర చక్ర లాంటిది, వాళ్ల సైన్యంలో అంతకు మించింది లేదు. అప్పటికే కెర్రీకి ఆ యుద్ధం మీద నమ్మకం పోయింది. మెడల్ ఇచ్చిన ప్రభుత్వం చేస్తున్న యుద్ధం తప్పని తర్వాత బాహాటంగానే అన్నారు.

ఇక హోటల్ సంగతి. ఊరికి తిరిగొచ్చాక బావగారితో కలిసి ఒమాహాలో ఒక రెస్టారెంట్ తెరిచారు. పెద్ద హంగులేమీ లేవు, కుటుంబాలు వచ్చి కూర్చొని తినిపోయే చోటు. నడుస్తోంది అనుకుంటుండగా 1975 మే 6న ఒమాహా మీద టోర్నడో పడింది. ఆ సుడిగాలి సంగతి మనవాళ్లకి వర్ణించి చెప్పనక్కర్లేదు, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస వైపు ఉన్నవాళ్లందరికీ గాలి అంటే ఏమిటో తెలుసు. ఉద్దానంలో తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వేళ్లతో సహా పడుకున్న రోజు అది. కెర్రీ రెస్టారెంట్ కూడా అలాగే నేలమట్టమైంది. మళ్లీ కట్టారు. ఒకటి కాస్తా ఇంకొన్ని అయ్యాయి, వాటికి తోడు వ్యాయామశాలలు పెట్టారు, పదేళ్లు తిరిగేసరికి ఆ ఊళ్లో పేరున్న వ్యాపారి.

ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ఈ నెల మొదట్లో పలాస పని మీద వచ్చి, మీకు చెప్పకుండానే మీ హోటల్లో రెండు పెసరట్లు తిని వెళ్లాను. పెనం ముందు మీరు నిలబడిన తీరు చూశాను, అట్టు తిరగేసినప్పుడల్లా బరువంతా కుడికాలి మీదికి మార్చుకుంటున్నారు. పదకొండు గంటలకి జనం పలచబడ్డాక స్టూలు మీద కూర్చొని కాలు ఊడదీశారు, లోపలి మేజోడు చెమటకి పిండితే నీళ్లు కారేలా ఉంది, దాన్ని గ్యాస్ సిలిండర్ మీద ఆరేసి, మోడుకి పౌడర్ రాసుకొని, పది నిమిషాల్లో మళ్లీ తగిలించుకొని లేచారు. ఈ పని చేసేటప్పుడు మీరు ఎవరివైపూ చూడలేదు. కెర్రీ గురించి ఏ పుస్తకం చదివినా కొండ ఎక్కిన రాత్రి గురించి ఉంటుంది, ఈ పది నిమిషాల గురించి ఉండదు. హోటల్ వ్యాపారం అంటే రోజంతా నిలబడటమే కదా, ఆయన కూడా అన్నేళ్లు ఈ పది నిమిషాలు రోజూ పడే ఉంటారు.

1982లో, అంతకుముందు వార్డు మెంబరుగానైనా పోటీ చేయని మనిషి, నేరుగా గవర్నర్ పదవికి నిలబడ్డారు. రిపబ్లికన్ల కంచుకోట లాంటి రాష్ట్రంలో డెమొక్రాట్‌గా నిలబడి, అప్పటికి కుర్చీలో ఉన్న గవర్నర్‌నే కొద్ది తేడాతో ఓడించారు. వాళ్ల గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి, రాజ్‌భవన్ గవర్నర్ కాదు. రైతులు అప్పుల్లో మునిగి పొలాలు వేలానికి పోతున్న రోజులవి, ఖజానాలో డబ్బు లేదు. నాలుగేళ్లు చేసి, ఇంకోసారి గెలిచే అవకాశం ఉన్నా వద్దనుకొని తప్పుకున్నారు. కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీలో పిల్లలకి వియత్నాం యుద్ధం గురించి పాఠం చెప్పారు కొన్నాళ్లు. 1988లో సెనేట్‌కి గెలిచారు, 1994లో మళ్లీ గెలిచారు, 2001 జనవరి దాకా పన్నెండేళ్లు ఉన్నారు.

*సెనేటర్ అంటే మన రాజ్యసభ సభ్యుడేనా? ఆయన అక్కడ చేసిందేమిటి? మెడల్ చూసి ఓట్లేశారు సరే, చట్టసభలో కూర్చొని ఏం చేశారన్నది కదా లెక్క.*
— రిటైర్డ్ సోషల్ మాస్టారు, విజయనగరం

మాస్టారూ, మీరు అడగాల్సిందే అడిగారు. రాజ్యసభతో పోలిక సగమే సరిపోతుంది. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున మొత్తం వందమంది, ఆరేళ్ల పదవి, కానీ వాళ్లని ఎమ్మెల్యేలు ఎన్నుకోరు, జనమే నేరుగా ఓటేస్తారు. అందుకే సెనేటర్‌కి సొంత రాష్ట్రం ఎప్పుడూ భుజం మీద కూర్చొని ఉంటుంది.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మూడు ఓట్ల వల్ల. మొదటిది జెండా. 1989లో జెండా తగలబెట్టడం కూడా నిరసన తెలిపే హక్కు కిందికే వస్తుందని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దేశమంతా భగ్గుమంది, రాజ్యాంగమే మార్చేద్దామన్నారు. ఆ జెండా కోసం కాలు ఇచ్చిన మనిషి లేచి వద్దన్నాడు. ఇంకెవరైనా ఆ మాట అంటే దేశద్రోహి అనేవారు, ఈయన్ని అనడానికి ఎవరికి నోరు వస్తుంది చెప్పండి.

రెండోది 1991 జనవరి 12. కువైట్ నుంచి ఇరాక్ సైన్యాన్ని వెళ్లగొట్టడానికి యుద్ధం చేసే అధికారం అధ్యక్షుడికి ఇవ్వాలా అని ఓటింగ్. 52-47తో నెగ్గింది. కెర్రీ వ్యతిరేకంగా వేశారు. ఆ యుద్ధం కొద్ది వారాల్లోనే అమెరికా గెలిచింది కాబట్టి ఆ ఓటు ఆయనకి రాజకీయంగా కలిసి రాలేదు. 1992లో అధ్యక్ష పదవికి తమ పార్టీ టికెట్ కోసం పోటీపడి సౌత్ డకోటా ఒక్కచోట గెలిచి మార్చిలోనే తప్పుకున్నారు, ఆ పోటీలో నెగ్గింది క్లింటన్.

మూడో ఓటు దగ్గర కొంచెం ఆగాలి. 1993 ఆగస్టు, క్లింటన్ మొదటి బడ్జెట్. లోటు తగ్గించడానికి ధనవంతుల మీద పన్ను పెంచారు, పెట్రోలు మీద గ్యాలనుకి 4.3 సెంట్లు వేశారు. రిపబ్లికన్లు ఒక్కరూ ఓటెయ్యలేదు, సొంత పార్టీవాళ్లే కొందరు జారిపోయారు. చివరికి అంతా కెర్రీ ఒక్కరి దగ్గర ఆగింది. వెయ్యకపోతే ఏడు నెలల ప్రభుత్వం చతికిలబడుతుంది, వేస్తే పెట్రోలు పన్ను అంటేనే మండిపడే నెబ్రాస్కా రైతులకి జవాబు చెప్పుకోవాలి. పైగా టికెట్ దగ్గర తనని ఓడించిన మనిషి బడ్జెట్ అది. ఆగస్టు 6 రాత్రి లేచి, ఈ బిల్లు నాకు పూర్తిగా నచ్చలేదు, ఖర్చు తగ్గించడంలో ఇంకా ధైర్యం చేయాల్సింది, అయినా ఒక అధ్యక్షుడిని కూలదోసే ఓటు నేను వెయ్యను అన్న అర్థం వచ్చేలా మాట్లాడి అనుకూలంగా వేశారు. 50-50 అయింది, ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటుతో గట్టెక్కింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో డెమొక్రాట్లు దేశమంతటా చిత్తుగా ఓడిపోతే నెబ్రాస్కాలో కెర్రీ మాత్రం గెలిచారు.

*నేను డిగ్రీ చదువుతున్నాను. మీరు రాశాక ఆయన గురించి వెతికాను. ఆయన జట్టు ఒక ఊళ్లో ఆడవాళ్లని, పిల్లల్ని చంపిందని ఉంది. ఆ మాట మీరెందుకు రాయలేదు?*
— విద్యార్థిని, బొబ్బిలి

రాయకపోవడం తప్పే చెల్లీ. రెండు లైన్లలో ఇరికించడం కుదరదు అనుకున్నాను, అలా అనుకొని కాలూ హోటలూ మాత్రం ఇరికించాను. ఇప్పుడు పూర్తిగా రాస్తాను.

గ్రెనేడ్ పేలడానికి సరిగ్గా 17 రోజుల ముందు, 1969 ఫిబ్రవరి 25 రాత్రి, కెర్రీ జట్టు మెకాంగ్ డెల్టాలో థాన్ ఫోంగ్ అనే పల్లెకి వెళ్లింది. వియత్‌కాంగ్ అంటే అమెరికా సైన్యంతో పోరాడుతున్న గెరిల్లాలు, వాళ్ల నాయకుడొకడు ఆ రాత్రి అక్కడ ఉంటాడని సమాచారం. తెల్లారేసరికి ఆ ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు చచ్చిపడి ఉన్నారు, తక్కువలో తక్కువ పదముగ్గురు. సైన్యం కాగితాల్లో మాత్రం 21 మంది వియత్‌కాంగ్‌లు హతమయ్యారని నమోదైంది, దానికి కెర్రీకి బ్రాంజ్ స్టార్ అనే పతకం కూడా వచ్చింది.

ఈ సంగతి 32 ఏళ్లు బయటికి రాలేదు. గవర్నర్ అయినప్పుడు రాలేదు, అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడూ రాలేదు. 2001 ఏప్రిల్‌లో, ఆయన సెనేట్ నుంచి దిగిపోయి న్యూయార్క్‌లో న్యూ స్కూల్ అనే యూనివర్సిటీకి అధ్యక్షుడిగా చేరాక, పత్రికలూ టీవీ తవ్వి తీశాయి. చీకట్లో తమ మీద కాల్పులు జరిగాయని, తిరిగి కాల్చామని, దగ్గరికెళ్లి చూస్తే పౌరుల శవాలు కనిపించాయని కెర్రీ చెప్పారు. జట్టులో ఎక్కువమంది ఆయన మాటే చెప్పారు. ఒకరు మాత్రం అలా కాదన్నాడు, వాళ్లందర్నీ ఒకచోట చేర్చి దగ్గర్నుంచే కాల్చామన్నాడు. ఆ ఊరి మహిళ ఒకామె కూడా దానికి దగ్గరగానే చెప్పింది.

ఇలాంటి రెండు మాటల సంగతి మన జిల్లా పెద్దవాళ్లకి కొత్త కాదు. అదే 1969లో మన ఏజెన్సీ కొండల్లో పోలీసు క్యాంపులు ఉండేవి, కాగితం మీద ఎన్‌కౌంటర్ అని ఉన్నదానికి ఊళ్లో ఇంకో కథ ఉండేది. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందుకే నేను ఆ వియత్నాం పల్లె ఆడమనిషి మాటని తీసి పక్కన పెట్టలేను.

హో చి మిన్ నగరంలో యుద్ధ మ్యూజియం ఒకటుంది. అందులో ఆ ఊరి నుంచి తెచ్చిన సిమెంటు గొట్టం పెట్టారు, మురుగునీటిది. ముగ్గురు పిల్లలు ఆ రాత్రి అందులో దాక్కున్నారని, బయటికి లాగి చంపారని పక్కన రాసి ఉంది. ఎవరి మాట నిజమన్నా, ఆ పల్లెలో పిల్లలు చనిపోయారన్నది కెర్రీ కూడా కాదనలేదు. ఆ రాత్రి తనని జీవితాంతం వదల్లేదని, సిగ్గుపడుతున్నానని చెప్పుకున్నారు.

మరి అలాంటి మనిషిని ఎందుకు తలుచుకోవాలి అంటావు. నా మటుకు నేను రెండూ కలిపే తలుచుకుంటాను. సెనేట్‌లో ఆయన యుద్ధానికి వ్యతిరేకంగా వేసిన ఓటుకీ, 1995లో వియత్నాంతో అమెరికా మళ్లీ దౌత్య సంబంధాలు పెట్టుకోవడానికి ఆయన పడిన తపనకీ వెనక ఆ రాత్రి ఉందని నా నమ్మకం. అయితే దానివల్ల చనిపోయినవాళ్ల బాకీ తీరిందని నేను అనను. 2016లో వియత్నాంలో అమెరికా సాయంతో పెట్టిన ఫుల్‌బ్రైట్ యూనివర్సిటీ ట్రస్టీల బోర్డుకి ఆయన్ని అధ్యక్షుడిగా వేస్తే ఆ దేశంలో పెద్ద గొడవ జరిగింది. క్షమించేద్దాం అన్నవాళ్లూ ఉన్నారు, ఇంకెవరూ దొరకలేదా అన్నవాళ్లూ ఉన్నారు. తర్వాత ఆయన ఆ పదవి నుంచి తప్పుకున్నారు. ఇంకెవరూ దొరకలేదా అన్నవాళ్ల వైపే నేను.

*మా అమెరికా బావ ఆయన అధ్యక్ష పదవికి బుష్ మీద పోటీ చేసి ఓడిపోయాడు అంటున్నాడు. నిజమా?*
— పాఠకుడు, నరసన్నపేట

కాదు, 2004లో బుష్ మీద నిలబడింది జాన్ కెరీ. ఆయనా వియత్నాం వెళ్లినవాడే, సెనేటరే, పేరు కూడా పక్కపక్కనే ఉంటుంది కాబట్టి మీ బావది పెద్ద తప్పేమీ కాదు.

*అన్నా, నేను అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్నాను. నాలుగేళ్ల తర్వాత నూటికి డెబ్బై ఐదు మంది ఇంటికే కదా. ఆ టెన్షన్ ఇప్పటినుంచే ఉంది. ఆయనలా వ్యాపారం పెట్టుకోవచ్చా?*
— చీపురుపల్లి

తమ్ముడూ, కెర్రీ యూనిఫాంలో ఉన్నది కూడా మూడేళ్ల పైచిలుకే, కాబట్టి నీ లెక్కకి దగ్గరే. కానీ ఆయన సైన్యంలోకి వెళ్లేముందే డిగ్రీ చేతిలో పెట్టుకొని వెళ్లాడు, అది మర్చిపోకు. ఇంటర్‌తో ఆపేసి పోవద్దు, ఓపెన్ డిగ్రీ అయినా కట్టు. నాలుగేళ్ల చివర చేతికొచ్చే సేవానిధి 11 లక్షల 71 వేల చిల్లర అని పథకంలో చెప్పారు. ఆ డబ్బు వచ్చిన వారంలోనే బైకూ, చెల్లి పెళ్లీ, ఇంటి స్లాబూ క్యూ కడతాయి. తప్పు కాదు, మన ఇళ్లలో అదే జరుగుతుంది. వ్యాపారం పెడదామనుకుంటే మాత్రం ముందు ఆరు నెలలు అదే వ్యాపారం ఇంకొకరి దగ్గర జీతానికి చెయ్యి. కెర్రీకి కూడా బావగారు తోడున్నారు, ఒక్కడే దూకలేదు.

*యుద్ధంలో కాళ్లు పోయిన ఆడవాళ్లెవరైనా అలా చట్టసభకి వెళ్లారా?*
— జవాను భార్య, గజపతినగరం

వెళ్లారమ్మా. ట్యామీ డక్‌వర్త్. బ్యాంకాక్‌లో పుట్టింది, తల్లి థాయ్. సైన్యంలో హెలికాప్టర్ పైలట్. 2004 నవంబర్ 12న ఇరాక్‌లో ఆమె నడుపుతున్న హెలికాప్టర్ మీద రాకెట్ పడి రెండు కాళ్లూ పోయాయి. 2017 నుంచి ఇల్లినాయ్ సెనేటర్. 2018లో పదవిలో ఉండగానే బిడ్డని కన్నది, సెనేటర్లలో అలా కన్న మొదటి తల్లి ఆమే. చంటిబిడ్డని ఓటింగ్‌కి తీసుకురావడానికి సెనేట్ రూలే మార్చుకుంది.

ఇక నాయక్ గారూ, మీ సర్పంచ్ మాట.

సర్వీసులో ఉన్నవాళ్లు పోటీ చేయకూడదు గానీ రిటైరైన మీకు ఏ అడ్డూ లేదు, పెన్షన్ తీసుకోవడం కూడా అడ్డు కాదు. ముందు మీ పేరు ఆ పంచాయతీ ఓటర్ల లిస్టులో ఉందో లేదో చూసుకోండి, హోటల్ ఒక చోట ఇల్లు ఒక చోట ఉన్నవాళ్లకి ఇక్కడే చిక్కు వస్తుంది. ఈసారి మీ ఊరికి ఏ రిజర్వేషన్ పడుతుందో తేలేదాకా ఎవరికీ మాట ఇవ్వకండి, మహిళకి పడితే నిలబడమన్న ఆ కుర్రాళ్లే మీ ఆవిడని నిలబెట్టమంటారు, అప్పుడు సంతకం ఆమెది, పెత్తనం మీది అయ్యే పని మాత్రం చెయ్యకండి. పార్టీ గుర్తులు లేని ఎన్నికైనా పార్టీలు మీ హోటల్‌కి టీ తాగడానికి వస్తాయి. ఆ టీకి డబ్బు తీసుకోండి.

మిమ్మల్ని నిలబడమంటున్నది మీ కాలు చూసా, లేక తిత్లీ తర్వాత కరెంటు లేని రోజుల్లో మీరు ఊరికి చేసింది చూసా అన్నది వాళ్లనే అడగండి. మీ హోటల్లో పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన నాతో చెప్పాడు, షెడ్డు ఎగిరిపోయిన మర్నాడు మీరు తడిసిన బియ్యంతోనే రోడ్డు మీద గంజి కాచి పోశారట. మీరు ఉత్తరంలో అది రాయలేదు.

ఇంకొకటి, మీ ఆవిడతో కూర్చొని తేల్చుకోండి. పంచాయతీ పని అంటే పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మంలో ఉంటారు, మండలాఫీసుకి తిరగాలి, తెల్లారి నాలుగున్నరకి పిండి రుబ్బే చెయ్యి ఇంకొకటి కావాలి. మధ్యలో ఆ పది నిమిషాలు కూర్చునే చోటు మండలాఫీసులో ఉండదు. మీ అబ్బాయి పెనం దగ్గర నిలబడతానన్నాడా? ఆ సంగతి తేలాక మళ్లీ రాయండి, నామినేషన్ కాగితాలు నింపడానికి నేనే వస్తాను.